మొన్నటి విలన్, నేటి మహారాణి

మా ఇంట్లో మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా రాజదర్బారు. నేను వంటిల్లు సర్దేసి వచ్చేసరికి అత్తయ్యగారు మంచం మీద దిండుకి ఆనుకుని సిద్ధంగా ఉంటారు. ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం. టీవీలో కొరియా రాణిగారో, చైనా మహారాణిగారో. లాక్‌డౌన్‌లో మా అమ్మాయి అంటించిన అలవాటిది. అది చదువుకోడానికి ఊరు దాటి వెళ్ళిపోయింది, అలవాటు మాత్రం మా ఇద్దరికీ మిగిలింది.

అత్తయ్యగారికి కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు కాబట్టి నేనే కథ చెప్పాలి. కొరియా సీరియళ్ళలో అందరూ రాణిగారిని పట్టుకుని "మామా, మామా" అంటుంటే మొదట్లో ఆవిడకి నవ్వు ఆగేది కాదు. "ఆడమనిషిని మామా అంటారేమిటే?" అని. అది వాళ్ళ భాషలో గౌరవపు పిలుపని చెప్పాను. చైనా వాళ్ళు "నియాంగ్‌నియాంగ్" అంటారు. ఇప్పుడు ఆ రెండు పిలుపుల్ని బట్టే ఆవిడ ఇది ఏ దేశం కథో చెప్పేస్తున్నారు.

పోయిన నెల ఒక తమాషా జరిగింది. "స్టోరీ ఆఫ్ యాన్షీ ప్యాలెస్" అని 70 భాగాల చైనా సీరియల్ చూడడం ముగించాం. పనిపిల్లగా అంతఃపురంలో అడుగుపెట్టిన యింగ్‌లువో అనే చురుకైన అమ్మాయి, అడ్డొచ్చిన వాళ్ళందరినీ గెలుచుకుంటూ రాజుగారికి ఇష్టమైన భార్య అవుతుంది. అందులో రాజు రెండో మహారాణి పెద్ద విలన్. మొదట మంచిదే, తరవాత కుట్రలన్నీ ఆవిడవే. అత్తయ్యగారు ఆవిణ్ణి నోరారా తిట్టారు. అది అయిపోగానే "రూయీస్ రాయల్ లవ్ ఇన్ ద ప్యాలెస్" మొదలుపెట్టాం. రూయీ నెమ్మదైన పిల్ల, చిన్ననాటి నుంచి రాజకుమారుణ్ణి ప్రేమించింది. నాలుగైదు భాగాలు గడిచాక అత్తయ్యగారికి అనుమానం వచ్చింది.

"ఈ రాజు పేరేమిటన్నావు?"

"చియాన్‌లాంగ్."

"ఆ రాజేగా? మరి ఈ పిల్లెవరు?"

"మొన్న మనం తిట్టామే, ఆ రెండో మహారాణి. ఈవిడే."

ఆవిడ చిక్కుడుకాయలు ఒలవడం ఆపేశారు. "అయితే మొన్నంతా నాచేత ఊరికే తిట్టించావన్నమాట."

నిజమే మరి. రెండు సీరియళ్ళూ వచ్చింది ఒకే ఏడాది, 2018లో. రాజు ఒకడే, అంతఃపురం ఒకటే, భార్యలూ వాళ్ళే. ఒకదాంట్లో దేవత అయిన ఆవిడ రెండోదాంట్లో రాక్షసి. యాన్షీలో మనం చప్పట్లు కొట్టిన యింగ్‌లువోయే రూయీ కథలో వేరే పేరుతో, చెయ్యని పాపం లేని ఆడదిగా వస్తుంది. ఇంతకీ అసలు ఏం జరిగిందో తెలుసుకుందామని చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

చియాన్‌లాంగ్ చింగ్ వంశపు చక్రవర్తి. 1735లో గద్దె ఎక్కి అరవై ఏళ్ళు ఏలాడు. మొదటి మహారాణి ఫూచా 1748లో ప్రయాణంలో పోయింది. 1750లో నారా వంశపు భార్యని మహారాణిని చేశాడు. మన రూయీ ఆవిడే. పదిహేనేళ్ళు బాగానే నడిచింది. 1765లో రాజు పరివారంతో దక్షిణ దేశయాత్రకి వెళ్ళాడు. హాంగ్‌జౌలో ఒకరోజు పొద్దుటి భోజనం దగ్గర మహారాణి ఉంది. రాజుగారి భోజనాల లెక్కల పుస్తకంలో రాసుంది. సాయంత్రం భోజనానికి ఆమె పేరు లేదు. ఆమెని అప్పటికప్పుడు రాజధానికి పంపించేశారు. మరుసటి ఏడు, 1766లో ఆమె పోయింది. అప్పుడు రాజు వేటలో ఉన్నాడు. మహారాణికి జరగాల్సిన మర్యాదలు జరపలేదు, విడిగా సమాధి కట్టలేదు, ఇంకో భార్య సమాధిలో ఓ పక్కన పెట్టారు. ఇదేమి అన్యాయమన్న ఉద్యోగులకి శిక్షలు పడ్డాయి. 1778లో ఆమె సంగతి ఎత్తి అర్జీ పెట్టుకున్న ఒక పండితుడికి తలే పోయింది.

ఆమె చేసిన నేరమేమిటంటే, రాజు తానే తరవాత చెప్పాడు: జుట్టు కత్తిరించుకుంది. మంచూ ఆచారంలో భర్తో అత్తగారో పోతేనే ఆడది జుట్టు కత్తిరించుకోవాలి. బతికున్న భర్త ఎదురుగా ఆ పని చేసిందంటే "నువ్వు నాకు చచ్చినట్టే" అనడం. ఎందుకంత మాట అనాల్సి వచ్చిందో మాత్రం రాజు రాయించలేదు, ఇంకెవర్నీ రాయనివ్వలేదు. ఆ ఖాళీలో రెండు సీరియళ్ళు పట్టాయి. ఒకళ్ళు ఆ ఖాళీని కుట్రలతో నింపారు, ఒకళ్ళు కన్నీళ్ళతో నింపారు.

ఇక యింగ్‌లువో. ఆవిడ వెయ్ వంశపు పిల్ల. పుట్టింది రాజకుటుంబానికి సేవ చేసే దాసవర్గంలో. రాజుకి పిల్లల్ని కంది, ఒక్కో మెట్టూ ఎక్కింది. మెట్లంటే నిజంగా మెట్లే. మహారాణి ఒకరు, ఆ కింద ఒకరు, ఆ కింద ఇద్దరు, ఆ పైన నలుగురు, ఆరుగురు, తరవాత లెక్కలేని మూడు తరగతులు. మొత్తం ఎనిమిది. ఆవిడ రెండో మెట్టు దాకా వెళ్ళింది కానీ బతికుండగా మహారాణి కాలేదు. 1775లో పోయింది. ఆవిడ కొడుకుని వారసుడిగా ప్రకటించింది 1795లో. అప్పుడు చనిపోయిన తల్లికి మహారాణి బిరుదు ఇచ్చారు. పోయిన ఇరవై ఏళ్ళకి! కొడుకు రాజైతేనే గానీ తల్లి రాణి కాలేదు. రాజుగారి సమాధి లోపల ఆవిడకి చోటు దొరికింది. పదిహేనేళ్ళు మహారాణిగా బతికినావిడకి దొరకలేదు.

ఇది చైనాలోనే అనుకున్నాను. కొరియా వైపు చూస్తే అక్కడా ఇదే.

కొరియాలో జోసన్ వంశపు రాజు సుక్‌జాంగ్ 1674 నుంచి 1720 దాకా ఏలాడు. అతని రాణి ఇన్‌హ్యన్ పెద్దింటి పిల్ల, పిల్లలు కలగలేదు. జాంగ్ అనే అంతఃపుర పరిచారికని రాజు ఇష్టపడ్డాడు. ఈమెది దుబాసీల కుటుంబం, డబ్బుంది గానీ కులగౌరవం లేదు. రాజు తల్లి ఆ పిల్లని బయటికి గెంటించింది. అత్తగారు పోయాక ఆమెని మళ్ళీ పిలిపించమన్నది స్వయానా రాణి ఇన్‌హ్యనే అని చెబుతారు. 1688లో జాంగ్ కొడుకుని కంది. అంతే, 1689లో రాణిగారు ఇంటికి, మరుసటి ఏడు జాంగ్ రాణి. అయిదేళ్ళు తిరిగేసరికి 1694లో రాజు మనసు మళ్ళీ తిరిగింది. జాంగ్ కిందికి, ఇన్‌హ్యన్ పైకి. 1701లో ఇన్‌హ్యన్ జబ్బుతో పోయింది. జాంగ్ చేతబడి చేయించిందన్న మాట పుట్టింది. రాజు చెవిన వేసింది ఇంకో భార్య, ఛోయ్. జాంగ్‌కి విషమిచ్చి చంపించి, ఇకమీద ఉంపుడు భార్యలెవరూ రాణి కావడానికి వీల్లేదని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. జాంగ్ కొడుకు రాజై నాలుగేళ్ళకే పోయాడు. ఛోయ్ కొడుకు యోంగ్‌జో 1724 నుంచి 1776 దాకా ఏలాడు.

ఇప్పుడు సీరియళ్ళు చూడండి. 2010లో వచ్చిన "డాంగ్ యీ"లో ఛోయ్ కథానాయిక, అంతఃపురంలో చిన్న పనులు చేసే అమ్మాయిగా మొదలై రాజమాత అయ్యే మంచి మనిషి. జాంగ్ విలన్. మూడేళ్ళకి, 2013లో "జాంగ్ ఓక్‌జంగ్" వచ్చింది. అందులో ఆ జాంగే కథానాయిక! ప్రేమ కోసం ప్రాణమిచ్చిన పిల్ల. యాన్షీకి రూయీ ఎలాగో, దీనికి అది అలాగ.

ఈ పని సీరియళ్ళవాళ్ళు కొత్తగా మొదలుపెట్టింది కాదు. రాణి ఇన్‌హ్యన్‌ని పంపించేసిన రోజుల్లోనే కిమ్ మాన్‌జుంగ్ అనే పెద్దమనిషి ఒక నవల రాశాడు. ఉంపుడుకత్తె మాటలు విని ఉత్తమ ఇల్లాలిని గెంటేసిన భర్త కథ. అది రాజుగారికి బుద్ధి రావాలని రాసిందని అంటారు. గమ్మత్తేమిటంటే కథ జరిగేది కొరియాలో కాదు, చైనాలో. మన ఇంటి మాట పక్కింటి మీద పెట్టి చెప్పడం అన్నమాట. అతను రాణిగారి వైపు వర్గం మనిషి, ప్రవాసంలోనే 1692లో పోయాడు. అంటే జాంగ్ బతికుండగానే ఆమె చెడ్డదని పుస్తకం ఎక్కేసింది. జాంగ్ వైపు నుంచి అలాంటి పుస్తకం రాసిపెట్టినవాళ్ళు లేరు.

ఆ వర్గాల మాట చెబితేనే రెండు దేశాల తేడా తెలుస్తుంది. చైనా సీరియళ్ళలో అంతా నాలుగు గోడల మధ్యే. టీ కప్పులో మందు, అగరుధూపంలో మందు, పక్క గదిలో చెవులు. మంత్రులు పెద్దగా కనబడరు. ఎందుకంటే చింగ్ చక్రవర్తుల దగ్గర మంత్రులు గట్టిగా మాట్లాడలేరు, అంతఃపురం ఆడవాళ్ళు రాజ్యం సంగతి ఎత్తకూడదు. ఆడవాళ్ళకి ఉన్నది ఆ గోడలు, ఆ ఒక్క మగాడు. చియాన్‌లాంగ్ అయితే పూర్వకాలపు ఉత్తమ రాణుల బొమ్మలు వేయించి పన్నెండు అంతఃపురాలలోనూ పెట్టించాడు, చూసి బుద్ధిగా ఉండండని.

కొరియా సీరియల్లో పది నిమిషాలకోసారి దర్బారు. ఎర్ర అంగీల మంత్రులు వరసగా వంగి రాజుని నిలదీస్తుంటారు. జోసన్ రాజుకి వాళ్ళని కాదని చిన్న పని చెయ్యాలన్నా కష్టమే. రాణి ఏదో ఒక పెద్దింటి నుంచి వస్తుంది, వెనకాల ఆ ఇంటి వర్గం ఉంటుంది. ఇన్‌హ్యన్ వెనక పడమటివాళ్ళు అనే వర్గం, జాంగ్ వెనక దక్షిణంవాళ్ళు. రాణి మారిన రెండుసార్లూ ప్రభుత్వం మొత్తం మారింది. ఏ వర్గం బలిసిందనిపిస్తే ఆ వర్గపు రాణిని దించి రాజు రెండో వర్గాన్ని తెచ్చుకున్నాడు. బయటికి ఇది సవతుల పోరు, లోపల మంత్రుల పోరు. ఇద్దరాడవాళ్ళూ అందులో పావులు. అయినా మూడొందల ఏళ్ళుగా జనం చెప్పుకునేది మాత్రం "ఆ జాంగ్ ఎంత గయ్యాళో" అనే.

ఇంకో తేడా అత్తగార్లు. చైనాలో రాణులకి నీతి చెప్పడానికి రాజు బొమ్మలు పెట్టిస్తే, కొరియాలో 1475లో రాజమాత సోహ్యే స్వయంగా పుస్తకం రాసింది. కోడలు ఎలా ఉండాలి, భర్త దగ్గర ఎలా మెలగాలి అని. నాలుగేళ్ళకే, 1479లో ఆవిడ సొంత కోడలు రాణి యూన్‌ని అసూయపరురాలని పదవి నుంచి తీసేశారు, 1482లో విషమిచ్చారు. ఆమె కొడుకు పెరిగి రాజయ్యాడు. తల్లి ఎలా పోయిందో తెలిశాక, 1504లో అందులో చెయ్యి ఉన్నవాళ్ళని వెతికి వెతికి చంపించాడు. ఈ కథ చెబుతుంటే అత్తయ్యగారు "పుస్తకం రాసే బదులు ఆ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కసారి మాట్లాడితే పోయేదిగా" అన్నారు.

రెండు దేశాల్లోనూ ఆడవాళ్ళకి అధికారం అందే దారి మాత్రం ఒకటే. రాజు చిన్నపిల్లాడైతే రాజమాత తెర వెనక కూర్చుని రాజ్యం నడపవచ్చు. దానికి రెండు భాషల్లోనూ వాడే నాలుగు అక్షరాలూ ఒకటే, "తెర దించి పాలన వినడం" అని అర్థం. కొరియాలో 1469లో రాణి జంగ్‌హీ తన మనవడి తరఫున జోసన్‌లో మొదటిసారి అలా కూర్చుంది. నాకు చదువు రాదు, చదువుకున్న నా కోడలు కూర్చుంటే బాగుంటుందని ముందు వెనకాడింది. ఆ కోడలే పుస్తకం రాసిన సోహ్యే. చైనాలో సీషీ అయిదేళ్ళ కొడుకుని ముందు పెట్టుకుని 1861లో తెర వెనక కూర్చుంది, 1908లో పోయేదాకా అధికారం చెయ్యి జారనివ్వలేదు.

తెర లేకుండా కూర్చున్న వాళ్ళూ ఉన్నారు, ఒకే శతాబ్దంలో. కొరియాలో సిల్లా రాజ్యాన్ని 632 నుంచి 647 దాకా రాణి సండక్ ఏలింది. 643లో శత్రువుల మీద సాయమడగడానికి ఆమె దూత వెళితే, "ఆడది ఏలుతోంది కాబట్టే మీరంటే అందరికీ లోకువ, మా వాడొకణ్ణి రాజుగా పంపిస్తాను" అన్న అర్థంలో చైనా చక్రవర్తి టైజాంగ్ మాట్లాడాడు. అప్పుడతని అంతఃపురంలో చిన్న తరగతి భార్యగా ఉన్న ఒక అమ్మాయి తరవాత 690లో ఆ చైనాకే చక్రవర్తి అయింది. ఆవిడే వూ జతియాన్. చైనా చరిత్ర మొత్తంలో స్వయంగా చక్రవర్తి బిరుదు పెట్టుకుని ఏలిన ఆడది ఆవిడొక్కతే.

మిగతా అందరికీ కొడుకే దిక్కు. అందుకే సీరియళ్ళలో ఎవరికి నెల తప్పినా అంతఃపురమంతా గడగడలాడుతుంది. 2022లో వచ్చిన "అండర్ ద క్వీన్స్ అంబ్రెల్లా" కల్పిత కథే గానీ, అయిదుగురు కొడుకుల్ని కాపాడుకోడానికి రాణి పరుగులు పెడుతుంటే నాకు చరిత్రే కనిపించింది. అందులో అత్తగారూ ఒకప్పుడు చిన్న భార్యగా ఉండి కొడుకుని రాజుని చేసుకున్నావిడే. తాను పడ్డదే కోడలికి చూపిస్తుంది.

ఇన్ని చూశాక నాకొక సంగతి అర్థమైంది. సీరియల్ మారితే మంచిది చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది. మారనివాడు రాజు ఒక్కడే. చియాన్‌లాంగ్ ఒక భార్యని సమాధిలో కూడా పక్కన ఉంచలేదు. సుక్‌జాంగ్ ఒకామెని రెండుసార్లు మార్చి, ఒకామెకి విషమిచ్చాడు. అయినా ఎన్ని కథల్లో చూసినా వాళ్ళు ప్రేమికులో, పాపం మోసపోయినవాళ్ళో. తప్పు ఏ ఆడదాని మీద వెయ్యాలన్నదే కథకి కథకి తేడా.

రూయీ జుట్టు కత్తిరించుకున్న రోజు అత్తయ్యగారు టీవీ కట్టేయమన్నారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత మెల్లగా "మా అక్క కూడా అంతేనే" అన్నారు.

అక్క అంటే ఆవిడ పెద్ద తోడికోడలు. మా పెద్దత్తయ్య. నేను కాపరానికి వచ్చేనాటికే ఇల్లు రెండయిపోయింది, మధ్యలో గోడ. "ఆవిడ గయ్యాళితనం వల్లే ఉమ్మడి కుటుంబం ముక్కలైంది" అని పాతికేళ్ళుగా వింటున్నాను. పెళ్ళిళ్ళలో, కర్మల్లో, ఎవరు ఎత్తినా అదే మాట. నేనూ మా అమ్మాయికి అలాగే చెప్పాను. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది.

"అక్కకి ముగ్గురూ ఆడపిల్లలే. మీ ఆయన పుట్టిన నెలలోపే మా అత్తగారు అక్క బొడ్లోంచి తాళాల గుత్తి తీయించి నా చేతికిచ్చారు. అంతకుముందు పన్నెండేళ్ళు ఆ ఇంటి బరువంతా అక్కే మోసింది. మామగారు అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నారు. వద్దని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. గోడ లేచింది ఆ తరవాతేనే."

ఇన్నేళ్ళలో తాళాల మాట నేనెప్పుడూ వినలేదు. మా ఇంటి కథలో గోడ ఉంది గానీ తాళాలు లేవు.

సియోల్‌లో చిల్‌గుంగ్ అని ఒక గుడి లాంటి ఆవరణ ఉంది. రాజులని కని కూడా రాణులుగా నిలవలేకపోయిన తల్లుల పేర్లతో అక్కడ పీటాలు ఉంటాయి. విషమిచ్చి చంపించిన జాంగ్ పేరుంది. ఆమె మీద రాజుకి చెప్పిన ఛోయ్ పేరూ ఉంది. బతికుండగా ఒకళ్ళనొకళ్ళు ఓర్వలేకపోయారంటారే, ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒకే ప్రహరీలో ఉన్నారు. అది చెబితే అత్తయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి "అక్క పెద్దమ్మాయి నంబరు నీ దగ్గరుందా?" అని అడిగారు. ఉంది. కలిపిచ్చి, నేను వంటింట్లోకి వచ్చేశాను. ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మా అమ్మాయికి మాత్రం రాత్రి ఫోన్ చేసి, పెద్దనాయనమ్మ కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి తాళాలతో సహా.

మీ ఇళ్ళలోనూ ఇలా "ఆవిడ వల్లే" అని చెప్పుకునే ఒక ఆవిడ ఉండే ఉంటుంది. ఆవిడ వైపు నుంచి కథ తెలిసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, ఒకసారి అడిగి చూడండి.